తెర మీద చుక్క ఆరితే నిలవలేని నాంచారయ్య గారు

శ్రీ నాంచారయ్య గారు 1989 ఆగస్టు 14వ తేదీన గుడివాడలో మత్స్యశాఖ ఫీల్డ్‌మన్‌గా విధులలో చేరారు. చేపల చెరువుల గట్ల వెంట సైకిలు మీద తిరిగిన ఆ తొలినాళ్లలోనే, స్థిమితంగా కుర్చీలో కూర్చునే యోగం వారి జాతకంలో లేదని పై అధికారులు గ్రహించారు.

అనంతరం దివిసీమలో, నాగాయలంక రేవులో పడవల తనిఖీలు నిర్వహించి, పదోన్నతిపై మచిలీపట్నం వచ్చారు. ఏ దేశానికీ చెందని నడిసముద్రంలో ట్యూనా వేటాడే మన పడవలు అంతర్జాతీయ ఒప్పందాలకు కట్టుబడుతున్నాయో లేదో చూసే గురుతర బాధ్యత వారి భుజాన పడింది. పడవలో దాని ఉనికిని తెలిపే ట్రాన్స్‌పాండర్ పెట్టె పనిచేస్తున్నంతసేపూ కార్యాలయపు తెర మీద దాని చుక్క వెలుగుతుంది. ఆరిందంటే దొంగవేటైనా కావాలి, ప్రమాదమైనా కావాలి. ఆ పూట వారు కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతుంటే, టీ కప్పుతో మేమూ వెనకాలే తిరిగేవాళ్లం.

మూడేళ్ల క్రితం ఆరిన చుక్క స్వయానా వారి చెల్లెలు శ్రీదుర్గ గారి భర్త సుందరరాజు గారి పడవది. పైగా వాయుగుండం. తీర రక్షక దళానికి కబురు పంపి, నాంచారయ్య గారు గిలకలదిండి రేవుకు పరుగెత్తారు. మర్నాడు మధ్యాహ్నం సుందరరాజు గారు పడవనిండా చేపతో నవ్వుతూ దిగితే, ఆయనను కావలించుకుని అందరి ఎదుటా భోరుమన్నారు.

"ఆ పెట్టెకేమైంది బావా?"

"నేనే ఆపానండీ బావగారూ! దాని సంకేతం బట్టి చేపున్న చోటు తెలిస్తే మిగతా పడవలన్నీ మా వెనకాలే వచ్చేస్తాయి కదా!"

నాంచారయ్య గారు కళ్లు తుడుచుకుని, ఆ సాయంత్రమే వేట నిలుపుదలకు సిఫారసు చేశారు. సీజనంతా పడవ ఒడ్డునే ఉంది.

"మా కడుపు మీద కొట్టావు అన్నయ్యా!" అన్నారు శ్రీదుర్గ గారు.

"వదిలేస్తే అందరూ ఆపుతారమ్మా. అప్పుడు చుక్క ఆరినవాడు దాక్కున్నాడో, మునిగాడో నాకెలా తెలుస్తుంది?"

ఆమె వినలేదు, అన్నగారి గడప తొక్కడం మానేశారు. నాంచారయ్య గారు కుమిలిపోయారు గానీ సిఫారసు వెనక్కి తీసుకోలేదు. ఇంత మొండితనమా అని మాకూ కోపం వచ్చింది.

ఈ పదవీ విరమణ సంచిక కోసం నాలుగు మాటలు అడగడానికి ఇంటికి వెళితే సుందరరాజు గారు అన్నారు: "ఆ నష్టం మర్చిపోలేదండీ. రేవులో ఆయన ఏడ్చిన ఏడుపూ మర్చిపోలేదు. ఇప్పుడు ఎంత చేప పడ్డా పెట్టె ఆపనండీ."

లోపలి నుంచి శ్రీదుర్గ గారి గొంతు వినిపించింది. "సన్మానంలో అన్నయ్య పక్క కుర్చీ నాకే ఉంచమని చెప్పండి."

ఉంచాం. సముద్రం మీది పడవల దిగులు ఇక మాకు వదిలేసి, శ్రీ నాంచారయ్య గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలనీ, చెల్లెలి ఇంట కడుపారా భోజనం చేసి కంటినిండా నిద్రపోవాలనీ మనసారా కోరుకుంటున్నాం.