వంకర కాయలు

ఆసుపత్రి వంటగదిలో తనిఖీ అధికారి కంచం ముందు కూర్చున్నాడు. ఫిర్యాదు నిజమైతే ఈ పూటతో వంటావిడ ఉద్యోగం ఊడుతుంది.

“మీకిచ్చే కాస్త డబ్బుతో రోజూ ఇన్ని తాజా కూరగాయలు ఎలా వస్తున్నాయమ్మా? దొంగ సరుకని ఫిర్యాదు వచ్చింది.”

“దొంగ సరుకు కాదు బాబూ, వంకర సరుకు. ఆ తలుపు తీసి చూడండి.”

తలుపు వెనక గంపల్లో కొక్కేల్లా వంగిన దోసకాయలు, రెండు కాళ్ల ముల్లంగులు, కవలల్లా అతుక్కున్న టమాటాలు. పెరట్లో ఒకాయన మరో గంప దించుతున్నాడు.

“ఎవరాయన?”

“గోడవతల తోట ఆయనదే. తిన్నగా ఉన్నవి లారీ ఎక్కుతాయి. వీటిని గేదెలకు వేస్తుంటే నేనే అడ్డం పడ్డా. సగం ధరకిస్తాడు, అడగండి.”

“గోడవతలా? ఇన్నేళ్లూ మా శాఖ పట్నం నుంచి తెప్పించింది కదమ్మా.”

“గోడెక్కి చూసినవాళ్లేరీ? ముందు తినండి, తర్వాత రాసుకోండి.”

అతను ఒక ముద్ద తిని ఆగిపోయాడు. పదేళ్ల తనిఖీల్లో ఇలాంటి రుచి తగల్లేదు.

“మూడొందల మంది రోగులకీ ఇదేనా?”

“ఇదే.”

మారు వడ్డించుకుని, కంచం ఖాళీ చేశాకే కలం తీశాడు.

“ఏం రాశారు బాబూ?” ఆమె కాగితంలోకి తొంగిచూసింది.

“కాయలన్నీ వంకరే గానీ, వంక పెట్టడానికి ఏమీ లేదని రాశానమ్మా.”