కూత బదులు వచ్చిన పాట

ఉదయం ఏడూ యాభై. రేడియో స్టేషన్లో స్టూడియో గది. రిటైరైన ఆపరేటరు, కొత్తగా చేరిన అనౌన్సరు.

"పద్నాలుగు కాదు బాబాయ్, పదహారు."

"ఏది?"

"అదే, వాన పాట. ఇవాళ్టి విశేషాల్లో, అది మన స్టేషన్లో మొదటిసారి వచ్చి ఇవాళ్టికి నలభై ఏళ్లని రాసిచ్చారుగా. ఇవాళ కాదు, ఎల్లుండికి."

"ఏడేళ్లుగా పద్నాలుగనే రాసిస్తున్నాను. నీకు ముందున్న అమ్మాయి ఏనాడూ ఇలా అడ్డం పడలేదు."

"ఆవిడ నమ్మింది. నేను వెతికాను. పోయినేడాది మనం చెప్పింది విని ఒక శ్రోత ఉత్తరం రాశాడు. సినిమా వాళ్లు పదహారు దాకా ఆ పాట రేడియోలో వేయనివ్వలేదు కదా, మీరు పద్నాలుగని ఎలా అంటారు అని. డైరెక్టరు గారు ఎనిమిది గంటల ప్రోగ్రాంలో సవరణ చదవమన్నారు."

"శ్రోతలకి పనీపాటా ఉండదు."

"మన జీతాలు వాళ్ల వల్లేగా."

"జీతం నీకు. నాకు టీ ఇస్తారంతే. అదీ చల్లారాక."

"మాట మార్చకండి. ఇదిగో అప్పటి రిజిస్టరు. బీరువాలోంచి తీసేసరికి చేతుల నిండా దుమ్ము. చదవనా? పదహారో తేదీ, ఉదయం ఎనిమిదీ పది, వాన పాట, మొదటి ప్రసారం. ఇదెవరి చేతిరాత?"

"ఎవరో కోడిగీతలు గీసినట్టుంది."

"రోజూ ఈ కోడిగీతలే చదువుతున్నాను నేను."

"సరే, నాదే. ఒక పని చెయ్యమ్మా. ఇవాళ్టికి ఆ ముక్క వదిలెయ్. సవరణా వద్దు, పాటా వద్దు. ఇవాళే ఒక వయొలిన్ విద్వాంసుడి పుట్టినరోజని కూడా రాశానుగా, అది చదువు."

"ఇవాళ వదిలేసినా ఇంక ఎప్పటికీ పదహారే. డైరెక్టరు గారు కంప్యూటర్లో మార్పించేస్తారు."

"పద్నాలుగు పోతుంది."

"పోతే ఏం? తప్పు తేదీయేగా."

"తప్పు కాదు."

"మీ చేత్తో మీరే రాసి..."

"రాసింది తప్పు. చెప్పేది కాదు."

"బాబాయ్, ఎనిమిది నిమిషాలుంది. నాకు అర్థమయ్యేలా చెప్పండి."

"మా రోజుల్లో ఆరింటికి ప్రసారం మొదలు. దానికి ముందు పది నిమిషాలు కూ అని ఒక కూత వచ్చేది, మిషన్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోడానికి. పొద్దున డ్యూటీలో అది వేసేది నేనే."

"ఆ కూత ఎవరు వింటారు?"

"మా అక్క వినేది."

"కూతనా?"

"కూతనే. 'అది మొదలైందంటే నువ్వు లేచి డ్యూటీ ఎక్కావన్నమాట, ఇక నా పని నేను చూసుకోవచ్చు' అనేది. నన్ను పెంచింది అక్కే. పెంచినంత కాలం సాధించింది కూడా."

"దేనికి?"

"కోరిన పాటల కోసం. స్టాఫ్ బంధువుల ఉత్తరాలు చదవకూడదని రూలుండేది."

"ఇప్పటికీ ఉంది."

"అందుకని దొంగ పేర్లతో రాసేది. ఒకసారి 'కుట్టుమిషన్ అక్కచెల్లెళ్లు'. ఇంకోసారి 'బస్ డిపో డ్రైవర్లు, కండక్టర్లు'. చేతిరాత చూడగానే తెలిసిపోయేది. తీసి పక్కన పడేసేవాణ్ణి. ఇంటికెళ్తే కంచం ముందు పెట్టి, 'పాపం, ఆ డ్రైవర్లు ఎంత బాధపడ్డారో' అనేది."

"మీరూ గట్టివారే. ఒక్కసారి కూడా ఆవిడ కోసం వేయలేదా?"

"ఒక్కసారి."

"పద్నాలుగున."

"వాన పాట రికార్డు కొత్తగా వచ్చింది. కవరు మీద చీటీ అంటించారు, పదహారు దాకా వేయరాదని. అది పాడిన గాయని అంటే అక్కకి ప్రాణం. అప్పుడు అక్క ఆస్పత్రిలో ఉంది. ఏడో నంబరు మంచం. నర్సమ్మ తన చిన్న రేడియో తెచ్చి పొద్దున్నే తలగడ పక్కన పెట్టేది. పదమూడు సాయంత్రం డాక్టరుని అడిగాను, పదహారు దాకా ఉంటుందా అని. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు."

"కూత బదులు పాట వేశారు."

"అయిదూ యాభై మూడుకి. ఉద్యోగం ఊడే పని. కంగారులో ముల్లు రికార్డు మొదట్లో పెట్టలేకపోయాను. పల్లవి ఎగిరిపోయింది."

"తర్వాత పదహారున అందరికీ వేసి, రిజిస్టర్లో రాశారు."

"రాశాను. ఎనిమిదీ పదికి. అప్పటికి ఏడో నంబరు మంచం మీద దుప్పటి మార్చేశారు. అలా మొహం పెట్టకు. కాసేపట్లో చదవాలి, గొంతు పాడవుతుంది."

"ఆవిడ విన్నారని మీకెలా తెలుసు? నిద్రలో ఉన్నారేమో."

"రెండు పేజీలు తిప్పు. పద్దెనిమిదో తేదీ."

"కార్డు ఉంది. ముద్ర... పదిహేను."

"పద్దెనిమిదిన నా చేతికి వచ్చింది."

"'కోరిన పాటల వారికి. నిన్న పొద్దున కూత బదులు వచ్చిన పాట బాగుంది. కానీ మీ ఆపరేటరుకి రికార్డు పెట్టడం రాదు. పల్లవి మింగేశాడు. ఈసారి మొదటి నుంచి వేయించగలరు. ఇట్లు...' బాబాయ్, కింద..."

"ఊఁ. ఇరవై దొంగ పేర్లు పెట్టి, చివరికి ఒక్కసారి ఆపరేటరు అక్కనని నిజం రాసింది. అందుకే చదవడానికి వీల్లేకపోయింది. సాధించడంలో అక్కకి సాటి లేరు."

"మీరు రిటైరై ఎన్నేళ్లు?"

"ఏడు. నీకు తెలుసుగా."

"అంటే స్టాఫ్ కాదు."

"అమ్మాయ్..."

"స్టాఫ్ కానివాళ్ల అక్క ఉత్తరం చదవకూడదని ఏ రూల్లోనూ లేదు. అలా కూర్చోండి. పాట కంప్యూటర్లో ఉంది. నేను సైగ చేయగానే ఈ బటన్ నొక్కండి. కంగారుపడినా ఫర్వాలేదు, ఎలా నొక్కినా మొదటి నుంచే వస్తుంది."

"డైరెక్టరు గారు సవరణ చదవమన్నారు కదా."

"చదువుతాను. ఎర్ర లైటు వెలగబోతోంది, ఇక మాట్లాడకండి."

"సరే, సరే."

"శ్రోతలకు నమస్కారం. ముందుగా ఒక సవరణ. వాన పాట మొదటి ప్రసారం పదహారో తేదీన అని మా రిజిస్టరులో ఉంది. అది తప్పు. పద్నాలుగో తేదీ, ఉదయం అయిదూ యాభై మూడుకే ఆ పాట విన్న శ్రోత ఉత్తరం మా దగ్గర ఉంది. చదవడం కాస్త ఆలస్యమైంది. ఈ పాట కోరినవారు, ఏడో నంబరు మంచం నుంచి, మా ఆపరేటరు గారి అక్క."