పదిహేడు అంగుళాల ఎత్తుగడ

తార్నాకలో, మెట్టుగూడ వెళ్ళే రోడ్డు వారన పరుశురాం టైర్ల దుకాణం. పొద్దున పదకొండు గంటలు. యూనివర్సిటీ క్వార్టర్సులో ఉండే ప్రొఫెసరు బుచ్చిబాబు తన చిన్న తెల్ల కారును అక్కడికి తెచ్చి గంటయింది. ఆయన భార్య కాత్యాయని నడుముకు బెల్టు కట్టుకుని, దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"పదిహేడు ఇంచీల రిమ్ము ఎక్కదు సార్. వచ్చినప్పటి సంది గదే చెప్తున్న."

"ఎక్కదంటే ఎలాగయ్యా పరుశురాం? మా పక్క బ్లాకు శశిభూషణ్ గారి కారుకి ఎక్కాయిగా?"

"శశిభూషణ్ సార్ది పెద్ద బండి. చక్రం తిరగనీకి లోపట జాగ ఎక్కువ. మీది చిన్న బండి. కంపెనీ వాళ్లు పద్నాలుగు ఇచ్చిన్రు, మంచిగనే ఉన్నది. షోకు కావాల్నంటే పదిహేను పెడత. టైరు ఏడ గూడ రాసుకోదు."

"పదిహేను పెడితే ఎంత లేస్తుంది?"

"లేసుడేంది సార్?"

"అదే... కారు. నేల నుంచి. పైకి."

"ఏం లేవదు. రిమ్ము పెద్దగయితే టైరు గోడ, గా పక్క రబ్బరు, చిన్నగ చెయ్యాలె. మొత్తం చక్రం ఎత్తు మునుపు ఎంతనో గంతే ఉండాలె. గట్లయితెనే రాయకుంట తిరుగుతది."

"అంటే పెద్ద రిమ్ము వేసినా కారు ఎత్తు పెరగదా?"

"పెరగదు."

"మరి జనం ఎందుకు వేయించుకుంటారయ్యా?"

"చూసెటోళ్ల కోసం సార్."

"నాకు చూసేవాళ్ళతో పనిలేదు. రిమ్మూ పెద్దది కావాలి, టైరు గోడా పెద్దది కావాలి. సిద్ధాంతపరంగా దానికి అడ్డేముంది?"

"సిద్ధాంతానికి ఏం అడ్డం లేదు సార్. చక్రం మీది ఫెండరు రేకుకున్నది."

"తగిలించి చూడకుండా చెప్పకు. ప్రయోగం చెయ్యకుండా ఫలితం చెప్పడం శాస్త్రం కాదు."

"ఇందాకనే తగిలించిన గద సార్, ముందు రెండు పదిహేడువి. టైరుకు చాక్‌పీసు గూడ రాసిన. ఇగ బండ్ల కూసొని స్టీరింగు ఎడమకు తిప్పుండ్రి. ఇంక. ఇంక తిప్పుండ్రి. ఆఁ... విన్నరా?"

"ఏదో చిన్న శబ్దం."

"కర్రుమన్నది సార్. దిగి చూడుండ్రి, చాక్‌పీసు ఏడ చెరిగిందో. లోపటి ప్లాస్టిక్కుకు రాస్తున్నది."

"తాకుతోంది అను. రాస్తోంది అనకు. రెండూ వేరు."

"తాకుకుంట తిరిగితే రాసినట్టే గద సార్. నెల తిరగకముందె టైరు కోసుకపోతది."

"నేను అంత పూర్తిగా తిప్పనులే. సగమే తిప్పుతాను."

"మరి తార్నాక చౌరస్తల యూ టర్న్ ఎట్ల కొడతరు? రామంతాపూర్ దాంక పోయి మల్లొస్తరా?"

"వెళ్తాను. నీకేం?"

"వెనుక ఇద్దరు కూసున్నరనుకో, బండి కిందికి దిగి వెనుక చక్రాలు గూడ ఫెండరుకు రాస్తయి."

"వెనక ఎవరినీ ఎక్కించం."

"మీటరు గూడ అబద్ధం చెప్తది సార్. అది నలభై చూపెడితే బండి నలభై నాలుగు మీద ఉరుకుతుంటది."

"అది మాత్రం కుదరదు! వేగం విషయంలో నేను... నా హోదాలో..."

"ఏం హోద సార్?"

"ఏం లేదు."

"ఏవండీ, అతను వద్దంటున్నాడుగా. ఇంటికి వెళ్ళిపోదాం."

"నువ్వు లేవకు కాత్యాయనీ. డాక్టరు ఏం చెప్పాడు? నడుము కదపొద్దనలా?"

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి సార్. గీ ఎత్తు ఎందుకు మీకు?"

"దేశంలో రోడ్లు బాలేవు."

"ఏ రోడ్డు?"

"అన్నీ."

"మీరు ఏడేడ తిరుగుతరు?"

"ఇంటి నుంచి డిపార్ట్‌మెంటుకి. వారానికి మూడుసార్లు ఈవిడ ఫిజియోథెరపీకి, అంబర్‌పేట్."

"క్వార్టర్సు కెల్లి వస్తరా? అరే, ముందుగాల చెప్పొద్దా! బుచ్చి ఘాటు!"

"ఏమిటది?"

"గాడ కొత్తగ స్పీడు బ్రేకరు ఏసిన్రు గద సార్. గదానికి స్టూడెంట్లు పెట్టిన పేరు. బుచ్చి ఘాటు రోడ్డు. ఎనిమిది ఇంచీలుంటది. మూడు నెలల సంది నా దుకాణం దాని మీదనే నడుస్తున్నది. సైలెన్సరు ఊడినోళ్లు, రిమ్ము వంకరైనోళ్లు, రోజుకు ఒకరన్న వస్తరు. ఎవలో బుచ్చి అంట. గా బ్రేకరు కమిటీకి చైర్మనంట. గా పెద్దమనిషి దొరికితే శాలువ కప్పుత."

"కమిటీ అంటే మాటలు కాదయ్యా. ఏడు సమావేశాలు జరిగాయి. మధ్యలో ఒక ఉపసంఘం. వంపు గుండ్రంగా ఉండాలా, బల్లపరుపుగా ఉండాలా అనేదానికే రెండు సమావేశాలు పట్టింది."

"బిస్కిట్లు బాగ తిన్నట్టున్నరు. ఎన్ని ఇంచీలని రాసిన్రు?"

"నాలుగు."

"మరి ఎనిమిది ఎట్లయింది?"

"నిర్మాణ దశలో కొన్ని... మార్పులు."

"గివన్ని మీకెట్ల ఎరుక సార్?"

"పేపర్లో చదివాను."

"పేపర్లేసిన్రా! సరె తియ్యిండ్రి. కార్డు రాసుకోవాలె, పేరు చెప్పుండ్రి."

"బి. బాబు."

"బి అంటే?"

"ఇంటిపేరు."

"మరి ఆర్సీల గిట్ల లేదు సార్. బుచ్చిబాబు అని... ఆఁ?"

"కానీయ్. శాలువా ఎక్కడ?"

"అయ్యో, తప్పయింది సార్. నాకేం ఎరుక, మీరే గా... అంటే, మీరే గా సారు అని."

"పరవాలేదు. ఘాటు రోడ్డని ఇప్పుడే విన్నాను. ఇదివరకు దిబ్బ అనేవాళ్ళు. కాస్త గౌరవం పెరిగింది."

"మరి మీరే చైర్మనైతే ఇంత లొల్లి ఏంది సార్? ఒక్క ఫోను కొట్టుండ్రి, పొద్దుగూకేటల్లకు నాలుగు ఇంచీలు చెక్కేస్తరు. గడ్డను తగ్గించుడు ఇడిచిపెట్టి బండిని పెంచుడేంది?"

"నివేదిక ఇచ్చేశామయ్యా. వాహనాల వేగం నూటికి నూరు శాతం తగ్గిందని."

"తగ్గదా సార్! బండ్లు ఆగిపోతున్నయి గద."

"ఇప్పుడు చెక్కించాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే తప్పెవరిదో రాయాలి."

"మీదే గద."

"నాదే. నాదే అని రాసుకో."

"నడుం నొప్పున్న మేడంను కూసోబెట్టుకొని గా గడ్డ ఎట్ల దాటిస్తున్నరు సార్?"

"దాటించడం లేదు. ఇవతల ఆపుతాను. ఆవిడ దిగి, నడిచి, అవతల ఎక్కుతుంది."

"రోజూనా?"

"బయటికి వెళ్ళినప్పుడల్లా. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. హాస్టలు కుర్రాళ్ళు అరుగు మీద కూర్చుని చూస్తుంటారు. ఒకడు లేచి సెల్యూట్ కొడతాడు. మొన్న జోరున వాన. గొడుగు పట్టుకుని, నడుం చేత్తో పట్టుకుని దిగింది. నేను లోపల ఏసీలో కూర్చుని, కర్రుమంటూ ఆ గడ్డ ఎక్కుతున్నాను. అప్పుడు అనుకున్నానయ్యా, చక్రాలు మార్చేద్దామని."

"సార్, కోపం చేసుకోకుండ్రి. పెద్ద టైరు పెడితే రాస్తది. గోడ తక్కువది పెడితే కుదుపు ఇంక ఎక్కువయి మేడం నడుము ఇరుగుతది. ఎట్ల కిందమీద పడ్డా మీ బండి ఇంచిన్నర గూడ లేవదు. గడ్డ ఎనిమిది! మీ ఇజ్జతు కోసం మేడంను వానల నడిపిస్తరా? ఇంత సదువుకొని?"

"అను. ఇంకా ఏమన్నా ఉంటే అనెయ్."

"సార్ నా మాట ఇంటలేరు. మేడం, మీరన్న చెప్పాలె గద, గంత ఎత్తు ఎందుకని?"

"కాత్యాయనీ, లే. పోదాం."

"ఉండండి. ఇందాకేగా కదలొద్దన్నారు? బాబూ పరుశురాం, మా ఇంట్లో భూదేవి అని వంట చేస్తుంది. నాకు నడుం పట్టేసినప్పటి నుంచీ ఇల్లంతా ఆవిడ చేతి మీదే. మా గేటు ముందే బైకు వాడెవడో ఆవిణ్ణి గుద్దేసి పోయాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కాలు రెండు చోట్ల విరిగింది."

"అయ్యో పాపం."

"ఆ మర్నాడే అక్కడ ఈ గడ్డ పొయ్యడానికి కూలీలు వచ్చారు. ఈయన నాలుగు అంగుళాలని కాగితం మీద గీసి, మేస్త్రీ చేతికిచ్చి క్లాసుకి వెళ్ళిపోయారు."

"ఆ సంగతులన్నీ ఇప్పుడెందుకు? పద."

"మీరు ఆగండి. నువ్వు ఆ పాత చక్రాలే బిగించు బాబూ. కమిటీకి కాగితం నేను రాస్తాను, ఈయన తీసుకెళ్ళి ఇస్తారు."

"మీరేం రాస్తరు మేడం? తప్పు సార్దాయె."

"ఈయనది కాదయ్యా, తనదేనని నన్ను కాస్తున్నారు. ఈయన అటు వెళ్ళగానే గేటు పట్టుకుని నిలబడి, 'ఇంకో తట్ట పొయ్యి, ఇంకో తట్ట పొయ్యి' అని ఎనిమిది అంగుళాలు పోయించింది నేను."