షెడ్డులోని సామాను

నా పేరు బొంతు ఝాన్సీ, తండ్రి కీర్తిశేషులు వరప్రసాదం. వయసు 47. అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. నివాసం రాజోలు మండలంలోని మా పాలెం. షెడ్డు తాళం పగలగొట్టి బండి ఎత్తుకుపోయానని మా తమ్ముడు శ్యామ్ బాబు ఇచ్చిన ఫిర్యాదు మీద ఎస్.ఐ. గారు అడగ్గా చెబుతున్నాను.

అది శవాన్ని సమాధుల తోటకు తీసుకెళ్లే నాలుగు చక్రాల చెక్క బండి. మా వాళ్ల శవాలకు ఎవరూ బండి ఇవ్వని రోజుల్లో మా తాతగారు తుమ్మ చెక్కతో చేశారు. పాలెంలో ఎవరు పోయినా ఆ ఇంటివాళ్లు వచ్చి తీసుకెళ్తారు. అద్దె లేదు. అదే రోజు కాలవలో కడిగి తెచ్చి పెడతారు. తాతగారి తర్వాత మా నాన్న చూసుకున్నారు. రెండేళ్ల క్రితం నాన్న కూడా దాని మీదే వెళ్లారు. ఆ రోజు ముందు నిలబడి లాగింది మా తమ్ముడే.

పంపకాల్లో కొబ్బరి తోట నాకు, ఇల్లూ షెడ్డూ అందులోని సామానూ తమ్ముడికి వచ్చాయి. బీరువా, రెండు మంచాలు, ఇత్తడి గుండిగ, చివరికి నాన్న పాత గొడుగు కూడా జాబితాలో రాశారు. బండి రాయలేదు. అది సామాను అని మాలో ఎవరికీ తోచలేదు. నేను చదువుకునే సంతకం పెట్టాను. ఆ తప్పు నాదే.

14-06-2025 శనివారం ఉదయం పది గంటలకు తమ్ముడు వచ్చి, బండిని ఒక రిసార్టుకు అమ్మేశానని చెప్పాడు. వాళ్లు దాని మీద పూలకుండీలు సర్ది, కోనసీమ వారసత్వం అని బోర్డు రాయించి గేటు దగ్గర పెడతారట. సోమవారం పదకొండింటికి వ్యాను వస్తుందట.

"ఊరికే చివికిపోయేకంటే పదిమందీ చూస్తారక్కా. షెడ్డు నాదైతే అందులోదీ నాదేగా," అన్నాడు.

"అది చూసేది కాదురా, పడుకునేది," అన్నాను.

ఆ మధ్యాహ్నమే షెడ్డుకు కొత్త తాళం వేశాడు.

16వ తేదీ సోమవారం ఉదయం 7.20కి పొరుగింటి బెన్నీ వచ్చాడు. "అమ్మ వెళ్లిపోయిందండి. బండి కావాలండి," అన్నాడు. వాళ్లమ్మ పేరు ఎలీసమ్మ. తమ్ముడికి ఫోన్ చేశాను. అంబులెన్సు పిలిపించమన్నాడు, ఖర్చు తనే పెట్టుకుంటానన్నాడు. బెన్నీ అలాగే నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది. బండి అడగడానికి వచ్చినవాళ్లు మా గుమ్మంలో ఎప్పుడూ అంతసేపు నిలబడలేదు.

8.10కి కొబ్బరికాయలు ఒలిచే గునపంతో తాళం నేనే పగలగొట్టాను. బెన్నీ చెయ్యి వెయ్యలేదు. పదింటికి ఎలీసమ్మను తీసుకెళ్లాం. వ్యాను వచ్చి ఖాళీగా వెళ్లిపోయింది. సాయంత్రం బెన్నీ బండి కడిగి తెచ్చాడు. నా తోటలో పెట్టించాను.

తాళం తమ్ముడిది. దానికి ఏ శిక్షయినా సరే. షెడ్డూ తమ్ముడిదే. బండి తమ్ముడిది కాదు, నాదీ కాదు. దొంగతనమంటే మాత్రం ఒప్పుకోను.

నిన్న మీరు బండిని స్వాధీనం చేసుకుని స్టేషన్ ఆవరణలో పెట్టించారు. కేసు తేలేదాకా ఇక్కడే ఉంటుందన్నారు. అప్పటిదాకా పాలెంలో ఎవరు పోయినా మీ దగ్గరికే వచ్చి అడుగుతారు. మా నాన్న ఎవరినీ కాదనలేదు. మీరూ కాదనకండి. కడిగి తెచ్చి అప్పగిస్తారు.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, అంతా నిజం. చివరి మాటలు తీసెయ్యవద్దని చెప్పి సంతకం చేస్తున్నాను.

(సం.) బొంతు ఝాన్సీ
18-06-2025, ఉదయం 11.40