రేపల్లె బండి ఎక్కిన మేడమ్: దుర్గాభవాని గారి అధ్యాపక జీవితం

1993 జూలై 5వ తేదీన తెనాలిలోని మా కళాశాలలో మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలిగా చేరిన శ్రీమతి దుర్గాభవాని గారికి ఆ ఉద్యోగం వచ్చిందన్న శుభవార్త బాపట్లలోని పుట్టింట్లో అందింది. అప్పుడామె రోట్లో గోంగూర పచ్చడి నూరుతున్నారు. "తెనాలి నుంచి రిజిస్టరు ఉత్తరం వచ్చిందమ్మా!" అని పోస్టుమాన్ గుమ్మంలోంచి కేకేయగానే పరుగెత్తారు. "ముందు చెయ్యి కడుక్కోవే!" అని తల్లి లక్ష్మమ్మ గారు అరుస్తూనే ఉన్నారు, ఇక్కడ కవరు చిరిగిపోనే పోయింది. పచ్చడి మరకపడిన ఆ ఉత్తర్వుతోనే ఆమె ఉద్యోగంలో చేరారు. ఆఫీసు గుమాస్తా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "మీ ఆర్డరు ఘుమఘుమలాడుతోందండి" అన్నారట.

పాఠం శ్రద్ధగా చెబితే పిల్లలు వాళ్లంతట వాళ్లే గట్టెక్కుతారని ఆమె తొలి సంవత్సరాల్లో గాఢంగా నమ్మారు. పరీక్ష తప్పినవారి కోసం సాయంత్రం ప్రత్యేక తరగతి పెట్టారు. తెనాలి పిల్లలు వచ్చారు. రేపల్లె వైపు నుంచి వచ్చేవారు మాత్రం గంట కొట్టగానే మాయమయ్యేవారు. "వాళ్లకి శ్రద్ధ లేదండి" అని స్టాఫ్ రూములో తోటి అధ్యాపకులు తీర్పు చెప్పేశారు. ఆమె కూడా అదే అనుకున్నారు.

ఒక సాయంత్రం వాళ్లను నిలదీయాలని స్టేషనుకే వెళ్లారు. రేపల్లె రైలు పెట్టె ఎక్కి మందలింపు మొదలుపెట్టారో లేదో, కాళ్ల కింద కుదుపు.

"మేడమ్, బండి కదిలిందండి!"

"అయ్యో! దిగుతానాగండి."

"ఇప్పుడు దిగితే కాలు విరుగుద్దండి, కూర్చోండి. టిక్కెట్టు ఉందాండి?"

పెట్టంతా గొల్లున నవ్వింది. వేమూరు వచ్చేదాకా కూర్చోక తప్పలేదు. ఎవరో ఆమె దోసిట్లో వేయించిన శనక్కాయలు పోశారు. చుట్టూ చూస్తే, శ్రద్ధ లేదనుకున్న ఆ పిల్లలే ఒకరికొకరు ప్రశ్నలు వేసుకుంటూ, జవాబు రానివాడి వీపు మీద చరుస్తూ చదువుతున్నారు. "మరి నా తరగతికి ఎందుకు రారు?" అని అడిగితే సుమ అనే అమ్మాయి మెల్లగా చెప్పింది: "ఈ బండి తప్పితే ఇంటికెళ్లేసరికి చీకటి పడుద్దండి. రెండుసార్లు అట్టా అయితే మా నాన్న చదువు మానిపించేస్తాడు."

మర్నాడే ప్రత్యేక తరగతి మధ్యాహ్న భోజన వేళకు మారింది. అందరూ క్యారేజీలు విప్పుకుని కలిసి తింటూ చదివే ఆ పద్ధతి నేటికీ మా విభాగంలో సాగుతోంది. విశ్వవిద్యాలయ విద్యార్థుల చదువుపై మానసిక, సామాజిక ప్రభావాలను గురించి ఆమె చేసిన పరిశోధనకు బీజం పడింది కూడా ఆ పెట్టెలోనే. ఇంటివారి నమ్మకం, తోటివారి తోడు, తానిక్కడికి తగినవాడినేనన్న ధీమా లేనిదే తెలివి ఒక్కటే ఒడ్డు చేర్చదని ఆమె ఎన్నో వేదికల మీద నిరూపించారు. తప్పిన విద్యార్థి ఎదురైతే ఆమె మార్కులు అడగరు, "ఇవాళ ఎవరితో కలిసి అన్నం తిన్నావు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనివారిని ఆమె ఎన్నడూ ఒంటరిగా వదిలిపెట్టలేదు.

అందుకే పదవీ విరమణ సన్మాన ఏర్పాట్ల సందడిలోనూ ఆమె చూపు గుమ్మం వైపే పోతోంది. రేపల్లె దగ్గరి పెనుమూడి నుంచి వచ్చే సీమోను, వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు, రెండు పేపర్లు తప్పినప్పటి నుంచి కళాశాలకు రావడం లేదు. ఫోను ఎత్తడు. మళ్లీ పరీక్ష రాసేందుకు దరఖాస్తు గడువు ఈ వారంతో ముగుస్తుంది. అది దాటితే అతను ఇక చదువు వైపు తిరిగి చూడడని ఆమె భయం. మధ్యాహ్నం తరగతిలో అతను కూర్చునే కిటికీ పక్క చోటును ఎవరినీ ఆక్రమించనివ్వరు. వరండాలో చెప్పుల చప్పుడైతే మాట మధ్యలో ఆగిపోతారు. "ఇన్ని వందల మందిని గట్టెక్కించారు, ఒక్కడి కోసం ఇంత బెంగేంటండి?" అని విభాగాధిపతి పూర్ణచంద్ర గారు అడిగితే, "గట్టెక్కినవాళ్లు ఎట్టాగూ నాకు కనపడరుగా సార్. కనపడేది వీడే" అన్నారు.

నేడు పదవీ విరమణ చేస్తున్న దుర్గాభవాని గారు నిండు ఆరోగ్యంతో, చల్లని మనసుతో, భర్త జనార్దన్ గారి సాహచర్యంలో నూరేళ్లు వర్ధిల్లాలని, మా పిల్లలు ఆమె నీడకు ఎన్నటికీ దూరం కాకూడదని మనసారా కోరుకుంటున్నాం. విశ్రాంతి తీసుకోమని మాత్రం చెప్పలేం, ఎందుకంటే రేపటి పని ఆమె అప్పుడే నిర్ణయించేశారు.

"రేపు పెన్షన్ కాగితాల పని ఉందిగా?" అని జనార్దన్ గారు గుర్తుచేస్తే, "అది ఎల్లుండి చూద్దాం. రేపు పొద్దున్నే స్కూటరు తీయండి, పెనుమూడి వెళ్దాం. వాళ్లమ్మకి ఫోను చేసి చెప్పాను. వాడికి మాత్రం చెప్పొద్దన్నాను. తెలిస్తే పొలానికి పారిపోతాడు" అన్నారు.