పొద్దున్నే పెట్టిన సంతకాలు

హలో… ఆ, నేనే, మేడమ్‌ని. ఆస్పత్రి నుంచేనా?… చిట్టి ఎలా ఉంది?

…ఇంకా కళ్ళు తెరవలేదా.

ఏడవకు. ముందు ఆ ఏడుపు ఆపు. పక్కన ఎవరున్నారు?… వాళ్ళమ్మ లోపలుందా. సరే, నువ్వు మెట్ల దగ్గరికి వచ్చి మాట్లాడు.

…వచ్చావా? విను. పాప చెప్పుల స్టాండ్ ఎక్కి పడ్డప్పుడు నువ్వు గదిలోనే ఉన్నావు. ఇలా తల తిప్పావు, అంతలో పడింది. ఎవరడిగినా ఇదే మాట.

—ఏంటి?

—నేనే పిలిచానా? అవును, పిలిచాను. బాబుని చేర్చడానికి ఎవరో వచ్చారు, ఆట గది చూపించమన్నాను. అయితే? పన్నెండు మంది పసివాళ్ళని గాలికొదిలేసి రమ్మన్నానా?

…ఆ గదికి నువ్వొక్కదానివేనని నాకు తెలీదా! నాకు పాఠాలు చెప్పకు.

చూడు, నా చెల్లెలి లాంటిదానివి కాబట్టి చెబుతున్నా. ఆయా ఏమరుపాటు అంటే నీకు చీవాట్లతో పోతుంది. గదిలో మనిషే లేదంటే డేకేర్ మూతపడుతుంది, కేసు నా మెడకు చుట్టుకుంటుంది. నేను లోపలికెళ్తే నీకు పని ఎవరిస్తారు?

—చీవాట్లతో పోదా? ఎవరన్నారు?… పాప మేనమామ లాయరా. అప్పుడే దిగిపోయాడా!

…జైలా? నీకా? ఛ, అంతదాకా రానిస్తానా.

…గొంతు పెంచకు. గదిలో లేనని నువ్వెంత మొత్తుకున్నా నమ్మరు. గంట గంటకూ పిల్లల తలలు లెక్కపెట్టి రాసే కాగితం ఉందిగా? పాప పడ్డ పదకొండు గంటల గడిలో ఏముంది? పన్నెండు మంది, అందరూ క్షేమం, ఆయా గదిలోనే ఉంది. కింద నీ సంతకం. నీ చేత్తో నువ్వే పెట్టావు.

—పొద్దున్నే పెట్టించానా? రోజూ పెట్టిస్తాను. ఎనిమిదింటికే గడులన్నీ నింపేస్తే ఇక పగలంతా ఆ గోల ఉండదు. ఏళ్ళ తరబడి చేస్తున్నదే. కాగితాలు ఇంత శుభ్రంగా ఎక్కడా చూడలేదని తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టర్ మెచ్చుకున్నాడు కూడా. ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. మూడో మనిషికి తెలీదు.

…ఆ కాగితమా? నా చేతిలోనే ఉంది. ఫొటో తీసి పాప వాళ్ళ నాన్నకీ, ఇన్‌స్పెక్టర్‌కీ ఇందాకే పంపేశా. ఇక నీ ఇష్టం. నా మాట వింటే బతికిపోతావు.

—కింది గడులు చదవాలా? ఎందుకు?

…ఇప్పుడా? రెండున్నర. ఏం?

…అబ్బ, చదువుతాలేవే, మొండిదానా. మూడు గంటలు… పన్నెండు మంది, అందరూ నిద్రలో. నీ సంతకం. నాలుగు గంటలు… పన్నెండు మంది, పాలు తాగారు…

…

ఆగు.

…

ఆరు గంటలు. పిల్లల అప్పగింత. మొదటి పేరు… చిట్టిదే. 'క్షేమంగా… తల్లికి అప్పగించాం.'

…

సంతకం నాదే. ఆ గడిలో ఎప్పుడూ నేనేగా పెట్టేది.

…లేదు. చూడలేదు. పదకొండు గంటల గడి ఒక్కటే చూశా… పంపేశా.

…ఉండు, ఇంకో కాల్ వస్తోంది. పాప వాళ్ళ నాన్న. ఏం చెప్పను? చెప్పవే, ఏం చెప్పను?… నువ్వు పెట్టెయ్యకు. తల్లీ, నీకు దణ్ణం పెడతా, పెట్టెయ్యకు—

హలో?… హలో?