పంపు మీద ఎర్ర చుక్క

(కార్ల సర్వీసు సెంటరు. మేనేజరు బల్లకి ఇటువైపు కుర్చీలో అతని తల్లి.)

"ముందు నా టోకెన్ తీసుకో."

"అమ్మా, నువ్వు టోకెన్ తీసుకోవడం ఏమిటి? అందరూ నవ్వుతారు. మన కారేగా, ఇంట్లో చూస్తాను కదా."

"ఇంట్లో నువ్వు చూసేది ఫోను. నా మొహమే చూడవు, కారేం చూస్తావు? అందుకే బుద్ధిగా లైన్లో కూర్చుని వచ్చాను. ఇక్కడ నేను నీ అమ్మని కాను, కస్టమర్ని. ఆ గోడ మీద ఏం రాసుందో నా పక్కన కూర్చున్నావిడ చదివి చెప్పింది. కస్టమరే దేవుడట. అడుగు దేవుణ్ణి, ఏం కావాలో."

"ఏం కావాలమ్మా?"

"అమ్మా కాదు. మేడం."

"సరే. ఏం కావాలి మేడం?"

"మంచినీళ్లివ్వకుండానే అడిగేస్తావా? ఇందాక ఆ బట్టతలాయనకి కాఫీ కూడా ఇప్పించావు."

"ఆయన అరుస్తున్నాడమ్మా!"

"ఓహో, అరిస్తే కాఫీనా? నాకూ గొంతుంది. అరవనా?"

"వద్దు వద్దు. ఇవిగో నీళ్లు. అసలు కారు ఇక్కడికి ఎలా వచ్చింది? తాళం నా బీరువాలో ఉంటేనూ."

"రెండో తాళం నా మందుల డబ్బాలో ఉంది. మీ నాన్న ఉన్న రోజుల నుంచీ ఇంట్లో రెండో తాళాలన్నీ నా దగ్గరే ఉంటాయి, నువ్వు మరిచిపోయావు. నేను ఏదీ మరిచిపోను, అదే నా రోగం."

"మరి తోలిందెవరు?"

"ఎవరో ఒకరు తోలారులే. నువ్వు తోలలేదుగా. నా పని చూడు ముందు. కంపెనీవాళ్లు ఈ రకం కార్లన్నీ వెనక్కి తెమ్మన్నారటగా? ఇంజనుకి పెట్రోలు అందించే పంపు పాడుదట. పోతూ పోతూ ఉండగా ఇంజను ఆగిపోతుందట. నిన్న టీవీలో చెప్పారు. మనదీ అదే రకం. మార్చెయ్."

"పాడుది అనకూడదమ్మా."

"మరేమనాలి?"

"హెడ్డాఫీసువాళ్లు గట్టిగా చెప్పారు. పాడు, లోపం, చెడిపోవడం, ఇలాంటి మాటలు కౌంటర్లో రాకూడదు. 'మెరుగుపరచడానికి వీలున్న భాగం' అనాలి."

"అబ్బో. మరి నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోతే?"

"'చలనంలో చిన్న అంతరాయం.'"

"కార్లన్నీ వెనక్కి పిలవడాన్ని?"

"'ఆత్మీయ ఆహ్వానం.'"

"పెళ్లిపిలుపులా ఉందే! మరి ఆ చిన్న అంతరాయంలో వెనక నుంచి లారీ వచ్చి గుద్దితే ఏమనాలి?"

"దానికింకా మాట పంపలేదు."

"పంపుతార్లే. ఎవరో తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తూ ఉంటారు. నా కోడలికి వంతెన మీద చిన్న అంతరాయం వచ్చింది. మార్కెట్టు మలుపులో వచ్చింది. ఆసుపత్రి గేటుకి అడ్డంగా వచ్చింది. వెనకనుంచి అంబులెన్సువాడు ఎన్ని మాటలన్నాడు! ఆ పిల్ల ఇంటికొచ్చి చెబితే నువ్వేమన్నావు?"

"నేనేమన్నాను?"

"నన్నడుగుతావేం, నోరు నీదే కదా."

"డ్రైవింగ్ అలవాటు కొంచెం..."

"అదిగో! అదిగో ఆ మాట! ఇందాక బట్టతలాయనతో కూడా అదే అన్నావు, విన్నాను. ఆయన జీవితమంతా బస్సు తోలి తోలి రిటైరైన మనిషట, నాతో చెప్పుకుని వాపోయాడు. ఆయనకి డ్రైవింగ్ అలవాటు లేదా?"

"ఆయనకి... మరీ ఎక్కువ అలవాటు."

"భేష్! కొత్తవాళ్లకి అలవాటు లేక ఆగుతుంది, పాతవాళ్లకి అలవాటు ఎక్కువై ఆగుతుంది. మధ్యలో ఆ పంపు మాత్రం గంగిగోవు. ఒరేయ్, నువ్వు అచ్చం మీ నాన్నవి. ఆయన సైకిలు గుర్తుందా? నీకేం గుర్తుంటుంది, నువ్వు ముందు బుట్టలో నిద్రపోయేవాడివి. చైను ఊడినప్పుడల్లా దిగి, నా వంక చూసేవాడు. నేను వెనక సరిగ్గా కూర్చోలేదట! ఒకసారి నేను లేకుండా వెళ్లినా ఊడింది. ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? నేను కూర్చుని కూర్చుని దాన్ని పాడుచేశానట."

"ఇప్పుడా కథలెందుకమ్మా, బయట ఇంకా కస్టమర్లున్నారు."

"ఉండనీ, వాళ్లూ నీ కథలు వినడానికేగా వచ్చారు. చూడు, నాకు కొత్త పంపు కూడా అక్కర్లేదు. ఒక్క మాట కావాలి. 'తప్పు పంపుది, నా పెళ్లానిది కాదు' అను. ఇంటికొచ్చి ఆ పిల్ల ముందు కూడా అను. తాళం దాని చేతిలో పెట్టు."

"తాళం నేనేం లాక్కోలేదు. తనే ఇచ్చింది."

"ఇచ్చింది. ఎందుకిచ్చిందో నేను చెప్పనా? ఆ రోజు జోరున వాన. అందర్నీ కారులో కుక్కావు. నన్నూ, పిల్లల్నీ, ఆఖరికి చూడ్డానికొచ్చిన మీ అత్తగార్ని కూడా. వంతెన ఎక్కించావు, దింపావు, మళ్లీ ఎక్కించావు. మార్కెట్టు మలుపులో అటూ ఇటూ తిప్పావు. 'చూశారా, నా చేతిలో ఒక్కసారన్నా ఆగిందా?' అన్నావు. ఆగలేదు. మీ అత్తగారు కూడా 'నిజమేనే అమ్మాయ్' అంది. నేనూ అన్నాను."

"మరి ఆగలేదుగా!"

"ఆగలేదు. ఆ పిల్ల కిటికీలోంచి వానని చూస్తూ కూర్చుంది. ఇంటికి రాగానే తాళం నీ ముందు పెట్టేసింది. అప్పటినుంచీ దాని పనేమైందో తెలుసా? ఇళ్లకి వెళ్లి నడవలేనివాళ్లకి నడక నేర్పించే పని. బస్సు వెళ్లని వీధులన్నీ మానుకుంది. ఆ కొండవాలు ఇంట్లో పెద్దాయన కర్ర పట్టుకుని వాకిలిదాకా వచ్చేవాడు, మళ్లీ మంచమెక్కాడట. సోమవారానికల్లా కారుతో రాగలవో లేదో చెప్పు, లేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాం అన్నారట దాని ఆఫీసువాళ్లు. నీకు చెప్పిందా?"

"లేదు."

"నాకూ చెప్పలేదు. ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. 'నాకు డ్రైవింగ్ రాదులెండి' అంది. ఎంత మామూలుగా అందనుకున్నావు!"

"సరే, సరే. పంపు మార్పిస్తాను, సరేనా? మా మెకానిక్కు అమ్మాయి ఇప్పటికే కారు చూస్తోంది. మంచి పనిమంతురాలు. కాసేపట్లో అయిపోతుంది."

"పంపు మార్చారో లేదో మాకెలా తెలుస్తుంది? ఊరికే మూత తెరిచి మూసి పంపించరని ఏమిటి?"

"అలా కుదరదు. మార్చిన పంపు మీద రంగు చుక్క పెడతాం. ఇంకెవరూ పెట్టరు, నేనే పెడతాను. పంపు మార్చిన కారేదీ నా చుక్క లేకుండా ఈ గేటు దాటదు."

"అబ్బ. బొట్టు పెట్టి పంపుతావన్నమాట. ఏ రంగు?"

"ఇప్పుడు పసుపు."

"ఇప్పుడు అంటే? ఇదివరకు?"

"మొదట్లో ఎరుపు. ఆ డబ్బా అయిపోయింది."

"ఎప్పుడయిపోయింది?"

"వానలు మొదలవకముందే. ఎందుకు?"

"ఊరికే అడిగాను. కస్టమరు అడగకూడదా?"

"అడగొచ్చు..."

"బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. వానలకి ముందేనా? ఈమధ్య, నిన్నో మొన్నో అయిపోలేదు కదా?"

"ముందేనమ్మా! వానలు పడేసరికి పసుపు డబ్బానే. నాకు తెలియదా?"

"నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. అవున్రా, టీవీలో చెప్పింది నిన్న కదా. వానలకి ముందే ఎవరికి మార్చారు?"

"అంటే... అప్పుడు... గట్టిగా గొడవపడ్డ కస్టమర్లకి చప్పుడు చెయ్యకుండా మార్చి పంపేవాళ్లం."

"అంటే అప్పటికే తెలుసు."

"కంపెనీకి తెలుసు."

"నీకు?"

"నేను కంపెనీలో పనిచేస్తాను కదమ్మా."

"తెలుసు అని మూడక్షరాలు పలకడానికి ఇంత చుట్టు తిరగాలా? మరి ఇంట్లో చెప్పలేదేం?"

"బయట చెప్పకూడదన్నారు."

"ఇల్లు బయటా?"

"అది కాదమ్మా... ఉద్యోగం... నువ్వర్థం చేసుకోవాలి."

"చేసుకుంటున్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డావు, నోరు మూసుకున్నావు. సరే. అంతవరకే అయితే నేను ఇంటికెళ్లి ఆ పిల్లతో చెప్పుకోగలను. భయస్తుడమ్మా, చిన్నప్పుడూ అంతే, బల్లిని చూసి స్నానం మానేసేవాడు అని. అంతవరకే కదూ?"

"అంతే. అంతేనమ్మా."

"సార్! లోపలికి రావచ్చా?"

"రా. ఏమైంది, విప్పావా?"

"విప్పక్కర్లేదు సార్. మామ్మగారి కారుకి పంపు ఇదివరకే మార్చేశారు. చుక్క ఉంది."

"ఆ... అవునవును. నేనే మొన్న... నిన్న మార్చాను. చెప్పడం మరిచిపోయాను. పనుల్లో పడి..."

"చూడండి మామ్మగారూ, ఎంత మంచి అబ్బాయో, అడక్కముందే మార్చేశారు! కానీ నిన్నటిది కాదు సార్. పసుపు చుక్క కాదు, ఎరుపు."

"ఎరుపా? వేరే ఎవరో..."

"మీదే సార్. మీరు చుక్క పెట్టి కిందికి చిన్న తోక లాగుతారు కదా, ఇంకెవరికీ రాదది. మేమంతా గాలిపటం అంటాం దాన్ని. దాని మీద దుమ్ము కూడా గట్టిపడిపోయింది."

"సరే. నువ్వెళ్లు."

"బిల్లు మీద ఏం రాయమంటారు సార్, 'ఉచిత మెరుగుదల' అనా, లేక..."

"ఏమీ రాయొద్దు. వెళ్లమన్నానా!"

"అమ్మాయ్, నువ్వు చాలా మంచిదానివి. చేతులు కడుక్కుని ఒక కాఫీ తాగు. మీ సారు ఇప్పిస్తాడు, నేను అరుస్తాను."

"వస్తా మామ్మగారూ."

"తలుపు వేసి వెళ్లు తల్లీ... ఏరా?"

"అమ్మా..."

"చుక్క ఎందుకు పెట్టావురా? దొంగపని చేసినవాడివి, గుర్తు ఎందుకు పెట్టావు?"

"అలవాటు."

"డ్రైవింగ్ అలవాటా?"

"నువ్వలా వెటకారం చెయ్యకు. తనకేమైనా అవుతుందేమోనని భయమేసింది. ఆసుపత్రి గేటు దగ్గర ఆగిన మర్నాడే మార్చేశాను. నేను మార్చబట్టే కదా ఇప్పటిదాకా..."

"ఆగిన మర్నాడు మార్చావు. బాగుంది. బంగారం లాంటి పని. ఆ తరవాత?"

"తరవాత ఏముంది?"

"ఆ తరవాత వాన పడింది. బాగుచేసిన కారులో మమ్మల్నందర్నీ ఎక్కించుకుని, 'నా చేతిలో ఆగిందా' అని ఊరంతా తిప్పావు."

"అమ్మా, మెల్లగా... బయట వింటారు."

"విననీ. దీనికి హెడ్డాఫీసు ఏ మాట పంపింది?"

"నేను మేనేజర్నమ్మా! కారు ఏది కొనాలని చుట్టాలందరూ నన్నే అడిగారు, అందరిచేతా ఇదే కొనిపించాను. మా ఇంటి కారే ఆగిపోతోందని తను అందరికీ చెబుతుంటే... నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఒక్కసారి చూపిస్తే ఊరుకుంటుందనుకున్నాను. తాళం ఇచ్చేస్తుందని నేనేమైనా కల గన్నానా?"

"ఇచ్చాక తీసుకుని బీరువాలో పెట్టావుగా. అది కల కాదు కదా."

"అమ్మా, తనకి చెప్పకు. నేనే చెబుతాను, మెల్లగా. ఏదో ఒకలా... మెరుగ్గా చెబుతాను."

"మెరుగుపరచక్కర్లేదు. టీవీలో విన్నాక పొద్దున్నే నా దగ్గర తాళం తీసుకుంది. మన కారు పంపు ఏ రకమో చూడ్డానికి మూత ఎత్తింది. చుక్క చూసింది. నువ్వు రోజూ ఫోన్లో ఎరుపు పెట్టాను, పసుపు పెట్టాను అని అరుస్తుంటే మన ఇంటి గోడలకి కూడా అర్థం తెలిసిపోయిందిరా."

"తను... చూసిందా? ఏమంది?"

"నన్ను పిలిచి చూపించింది, అంతే. తరవాత నన్ను కూర్చోబెట్టుకుని ఇక్కడిదాకా తోలుకొచ్చింది. వంతెన మీదుగానే. బయట ఉంది, స్టీరింగు వదల్లేదు. ఇక్కణ్ణించి నేరుగా ఆ కొండవాలు పెద్దాయన ఇంటికి వెళ్తున్నాం, ఇద్దరం. ఇంటికొచ్చాక బీరువాలో తాళం నాకిచ్చెయ్, ఇవాళ్టినుంచీ రెండూ ఇంట్లో ఆడవాళ్ల దగ్గరే ఉంటాయి. నువ్వు సాయంత్రం బస్సులో రా. ఆలోచించుకోవడానికి బాగుంటుంది."

"అంటే నీకు అంతా ముందే తెలుసు! తెలిసి కూడా, ఏమీ తెలియనట్టు, టోకెనూ, మేడం అంటూ, రంగులడుగుతూ నన్ను ఆడించావా?"

"ఆడించలేదురా పిచ్చినాయనా. 'వాడు నిన్నో మొన్నో మార్చి ఉంటాడే, చెప్పడం మరిచిపోయాడు, పద అడుగుదాం' అని దాన్ని బతిమాలి తీసుకొచ్చింది నేనే. ఎరుపు డబ్బా ఎప్పుడయిపోయిందని అడిగాను చూడు, నిన్నటిదాకా ఉందని ఒక్క మాట అంటావేమోనని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను."